భుజం జారితే: నన్ను రోజూ అడిగే ప్రశ్నలు, నా జవాబులు

కూకట్‌పల్లిలో ఫిజియోథెరపిస్ట్‌గా పన్నెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను. భుజం జారి వచ్చేవాళ్లు ఏడాది పొడవునా ఉంటారు. వానాకాలంలో బండి స్కిడ్ అయినవాళ్లు, కదులుతున్న ఆర్టీసీ బస్సు రాడ్ పట్టుకుని ఎక్కబోయి చేయి వెనక్కి గుంజేసినవాళ్లు, ఆదివారం క్రికెట్‌లో డైవ్ కొట్టినవాళ్లు. దెబ్బ తగిలిన తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది కానీ అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో అదే టెన్షన్. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను, మీరు అడిగిన మాటల్లోనే. మీరు ఏ దశలో ఉన్నారో అక్కడికి వెళ్లి చదువుకోండి, మిగతావి వదిలేసినా పర్లేదు. మీ భుజాన్ని చేత్తో పట్టి చూసిన డాక్టర్ ఇంకోలా చెబితే ఆయన మాటే వినండి.

## జారిన మొదటి గంట

భుజం జారిందా, ఊరికే బెణికిందా, ఇంట్లో ఎలా తెలుస్తుంది?

చొక్కా పక్కకు జరిపి రెండు భుజాలూ పోల్చి చూడండి. జారిన వైపు గుండ్రం పోయి చదునుగా అయిపోతుంది, పైన ఎముక అంచు మెట్టులా పొడుచుకొస్తుంది. మనిషి ఆ చేతిని ఒంటికి కాస్త దూరంగా పెట్టి రెండో చేత్తో పట్టుకుని కూర్చుంటాడు, అవతలి భుజాన్ని తాకమంటే తాకలేడు. బెణికినప్పుడు నొప్పి ఉన్నా చేయి ఎంతో కొంత కదులుతుంది. లావుగా ఉన్నవాళ్లలో, బాగా కండ పట్టినవాళ్లలో ఆకారం తేడా సరిగ్గా కనబడదు, కాబట్టి అనుమానం ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే.

మా బాబాయికి లాగి ఎక్కించడం వచ్చు, ఎంతోమందికి చేశారు. ఆయనతో చేయించుకోవచ్చా?

వద్దు. ఇంతకుముందు ఎంతమందికి బాగైనా సరే, వద్దు. ఈ కీలు ఎలా ఉంటుందంటే చిన్న సాసర్‌లో బత్తాయి పెట్టినట్టు ఉంటుంది, వీపు రెక్క ఎముక వైపు గిన్నె లోతు తక్కువ, చేతి ఎముక పైన ఉన్న బంతి పెద్దది. అందుకే మన చేయి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే ఇంత తేలిగ్గా జారుతుంది కూడా. జారినప్పుడు బంతి పక్కన ఎముక ముక్క విరిగి ఉండొచ్చు, చంకలోంచి వెళ్లే నరం, రక్తనాళం దాని కింద నొక్కుకుని ఉండొచ్చు. ఇవేవీ పైకి కనబడవు. ఎక్స్‌రే లేకుండా గట్టిగా లాగితే చిన్న పగులు పెద్ద ఫ్రాక్చర్ అవుతుంది.

పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్నవాళ్లు మా క్లినిక్‌కి చాలామంది వస్తారు. తరాలుగా ఉన్న నమ్మకం అది, వాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లను నేను అడిగేది ఒక్కటే: ముందు ఎక్స్‌రే తీయించండి, కీలు గిన్నెలోకి వచ్చిందని ఫిల్మ్‌లో చూసుకోండి. ఒక ఆటో డ్రైవర్ అన్న కట్టు మీద కట్టు మార్పించుకుంటూ నెల దాటాక మా దగ్గరికి వచ్చాడు. చేయి లేవట్లేదు, ఎక్సర్‌సైజ్ చెప్పండి అన్నాడు. ఎక్స్‌రే తీయిస్తే బంతి ఇంకా బయటే ఉంది. మూడు వారాలు దాటితే లాగి ఎక్కించడమే ప్రమాదం అవుతుంది, చాలాసార్లు కోసి సరిచేయాల్సి వస్తుంది. మొదటి రోజే వెళ్లి ఉంటే మత్తులో కొన్ని నిమిషాల పని.

ఆస్పత్రికి వెళ్లేలోపు మేం ఏం చేయాలి?

చేయి ఏ పొజిషన్‌లో ఉందో అలాగే ఉంచండి, సరిచేయొద్దు. చేతికీ ఒంటికీ మధ్య చిన్న దిండో మడిచిన తువ్వాలో పెట్టి, చున్నీతో మెడకు వేలాడేలా కట్టండి. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టొచ్చు, నేరుగా చర్మం మీద వద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ వెంటనే తీసేయండి, తర్వాత వేళ్లు వాచిపోతే కోయాల్సి వస్తుంది. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి టీ, బిస్కెట్, కొబ్బరినీళ్లు ఏవీ పెట్టకండి. ఇది అందరూ చేసే పొరపాటు, పడిపోయిన మనిషి కనబడగానే ఎవరో ఒకరు టీ తెచ్చేస్తారు.

బైక్ వెనకాల కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు, మన స్పీడ్ బ్రేకర్లకు ప్రాణం పోయినంత పని అవుతుంది. కారో ఆటోనో చూడండి. చేయి చల్లబడినా, తెల్లగా నీలంగా మారినా, వేళ్లు కదలకపోయినా, తలకు దెబ్బ తగిలినా 108కి ఫోన్ చేయండి.

మూడేళ్ల పాపను ఆడిస్తూ చేయి పట్టి పైకి లేపాం, ఇప్పుడు చేయి కదపట్లేదు. భుజం జారిందా?

ఆ వయసులో అలా జరిగితే చాలావరకు అది భుజం కాదు, మోచేతి దగ్గర చిన్న ఎముక పట్టు తప్పడం. డాక్టర్ ఒక్క నిమిషంలో సరిచేస్తారు, కాసేపటికి పాప మళ్లీ ఆడుకుంటుంది. మీరు మాత్రం తిప్పి చూడకండి. పాప కింద పడి ఉంటే ఎముక విరిగిందేమో కూడా చూడాలి.

## ఆస్పత్రిలో

చంకలో కాలు పెట్టి లాగుతారంట కదా? మత్తు ఇస్తారా ఇవ్వరా?

చంకలో మడమ పెట్టి లాగే పద్ధతి రెండు వేల ఏళ్లకు పైబడినది, గ్రీకు వైద్యుడు హిప్పోక్రేట్స్ పేరు మీదే ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఎక్కువగా వాడేవి నెమ్మదైన పద్ధతులు. మోచేయి ఒంటికి ఆనించి చేతిని మెల్లగా బయటికి తిప్పడం, బోర్లా పడుకోబెట్టి చేతికి బరువు వేలాడదీసి కండరం అలసి వదిలేదాకా ఆగడం, ఒకరు దుప్పటితో ఒంటిని పట్టుకుంటే ఇంకొకరు చేతిని నిదానంగా లాగడం. అడ్డుపడేది ఎముక కాదు, బిగుసుకుపోయిన కండరం. అందుకే నొప్పి తగ్గడానికి, కండరం వదులవడానికి ఇంజెక్షన్ ఇస్తారు. ఒక్కోసారి కీలులోనే తిమ్మిరి మందు వేస్తారు, ఒక్కోసారి కాసేపు నిద్రపుచ్చుతారు. ఆలస్యమయ్యే కొద్దీ కండరం ఇంకా బిగుస్తుంది, కాబట్టి ‘పొద్దున వెళ్దాంలే’ అనుకోకండి.

ఎక్కించేశారు, నొప్పి కూడా పోయింది. మళ్లీ ఎక్స్‌రే అంటున్నారు, డబ్బుల కోసమేనా?

కాదు. కీలు సరిగ్గా కూర్చుందా, ఎక్కించేటప్పుడు ఏమైనా విరిగిందా, మొదటి ఫిల్మ్‌లో దాక్కున్న పగులు ఉందా అని ఆ రెండో ఎక్స్‌రేనే చెబుతుంది. అడిగి మరీ తీయించుకోండి. రెండు ఫిల్మ్‌లూ ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోండి, ఏడాది తర్వాత కూడా పనికొస్తాయి.

మా ఆయనకు ఫిట్స్ వచ్చాక భుజం నొప్పి మొదలైంది. ఎక్స్‌రే నార్మల్ అన్నారు, కానీ చేయి బయటికి తిరగట్లేదు. ఏం చేయాలి?

తప్పకుండా మళ్లీ చూపించండి. వందలో 95 దాకా భుజాలు ముందుకే జారుతాయి, వెనక్కి జారేవి చాలా తక్కువ, అవి ఎక్కువగా ఫిట్స్ వచ్చినప్పుడు, కరెంట్ షాక్ కొట్టినప్పుడు జరుగుతాయి. ఎదురుగా తీసిన ఒక్క ఎక్స్‌రేలో అది మామూలుగానే కనబడి తప్పిపోతుంది. చేయి లోపలికి తిరిగి అక్కడే బిగుసుకుపోవడమే దాని గుర్తు. పక్క కోణం నుంచి ఇంకో ఫిల్మ్ కావాలని డాక్టర్‌ని అడగండి, అవసరమైతే సీటీ తీస్తారు.

భుజం పక్కన అరచేయంత మేర చర్మం మొద్దుబారింది, పక్షవాతమా?

పక్షవాతం కాదు. భుజం మీద గుండ్రటి కండరానికి వెళ్లే ఆగ్జిలరీ నరం సాగినప్పుడు ఇలా అవుతుంది. చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో దానంతట అదే తిరిగొస్తుంది. డాక్టర్‌కి మాత్రం మొదటి రోజే చెప్పి రాయించండి. మూడు నాలుగు వారాలకు కూడా స్పర్శ రాకపోతే, చేయి పక్కకు ఎత్తలేకపోతే నరాల పరీక్ష చేయిస్తారు.

రిపోర్టులో బ్యాంకార్ట్, హిల్ సాక్స్ అని రాశారు. గూగుల్ చేస్తే భయమేసింది.

ఈ రెండూ కొత్త జబ్బులు కావు, బంతి బయటికి పోతూ వదిలిన గుర్తులు. గిన్నె అంచు చుట్టూ లాబ్రమ్ అని రబ్బరులాంటి పట్టీ ఉంటుంది, అది ముందు వైపు ఊడితే బ్యాంకార్ట్ అంటారు, దాన్ని గురించి 1923లో రాసిన లండన్ సర్జన్ పేరు అది. బయటికి జారిన బంతి వెనక భాగం గిన్నె అంచుకు కొట్టుకుని సొట్ట పడితే హిల్ సాక్స్, 1940లో దాన్ని వివరించిన ఇద్దరు రేడియాలజిస్టుల పేర్లు. చిన్న వయసులో ముందుకు జారిన భుజాల్లో ఎక్కువ వాటిలో ఇవి ఏదో ఒక మేర ఉంటాయి. పేరు చూసి భయపడకండి, ‘ఎముక ఎంత పోయింది’ అన్నది అడగండి, ఆపరేషన్ గురించి నిర్ణయించేది ఆ అంకె.

హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి? డబ్బులు పెద్దగా లేవు.

ఎమర్జెన్సీ, ఎక్స్‌రే, ఎముకల డాక్టర్, మత్తు ఇచ్చే వీలు, ఈ నాలుగూ ఉన్న ఏ ఆస్పత్రి దగ్గరగా ఉంటే అక్కడికి. ప్రభుత్వ వైపు ఉస్మానియా, గాంధీ, పంజాగుట్టలోని నిమ్స్, మూడింట్లోనూ ఎముకల విభాగం ఉంది. తర్వాత ఆపరేషన్ అవసరమైతే ఆరోగ్యశ్రీ సంగతి అడగండి, తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. మీ ఆపరేషన్ అందులోకి వస్తుందో లేదో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర చూసి చెబుతారు, కార్డు తీసుకెళ్లండి.

## స్లింగ్ వేసుకున్న రోజులు

ఒక డాక్టర్ వారం అన్నారు, ఇంకొకరు మూడు వారాలు అన్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరూ తప్పు చెప్పి ఉండకపోవచ్చు. స్లింగ్ అంటే చేతిని మెడకు వేలాడదీసే పట్టీ, ఎక్కువమందికి అది ఒకటి నుంచి మూడు వారాలు. వయసు నలభై దాటితే భుజం బిగుసుకుపోయే భయం ఎక్కువ కాబట్టి త్వరగా తీయిస్తారు, పగులు ఉంటే ఎక్కువ రోజులు ఉంచుతారు. మిమ్మల్ని చూసిన డాక్టర్ ఏ లెక్కన చెప్పారో అడిగి, ఆ తేదీ రాసుకోండి. ఆరు వారాలు వేసుకుంటే రెండింతలు గట్టిపడుతుందనేమీ లేదు, ఉట్టి బిగుసుకుపోతుంది.

నాలుగో రోజుకే నొప్పి లేదు. స్లింగ్ తీసేసి పనులు చేసుకుంటున్నా, పర్లేదా?

నేను అందరికంటే ఎక్కువ బతిమాలేది ఈ ప్రశ్న అడిగినవాళ్లనే. బంతి గిన్నెలోకి వెళ్లగానే నొప్పి చాలా తగ్గిపోతుంది, అది నిజమే. కానీ కీలును చుట్టి ఉండే సంచి చిరిగి, గిన్నె అంచు పట్టీ ఊడి ఇంకా అలాగే ఉన్నాయి, అవి అతుక్కోవడానికి వారాలు పడుతుంది. నొప్పి ఉన్నన్నాళ్లూ మీరే జాగ్రత్తగా ఉంటారు. నొప్పి పోయాక, అటక మీద డబ్బా తీద్దామని చేయి పైకి లేపి వెనక్కి వంచుతారు, భుజం జారేది సరిగ్గా ఆ భంగిమలోనే. ఎనిమిదో రోజు బట్టలు ఆరేస్తూ రెండోసారి జారించుకుని వచ్చిన అమ్మాయి నాకు ఇంకా గుర్తుంది. చెప్పిన తేదీ వరకు స్లింగ్ ఉంచండి. వేళ్లు, మణికట్టు, మోచేయి మాత్రం మొదటి రోజు నుంచే గంట గంటకూ కదపండి.

రాత్రి నిద్ర పట్టట్లేదు, ఎలా పడుకోవాలి?

వెల్లకిలా పూర్తిగా పడుకుంటే మోచేయి వెనక్కి జారి భుజం ముందుకు గుంజుతుంది, నిద్ర పట్టనిది అందుకే. వీపు కింద రెండు మూడు దిండ్లు పెట్టి సగం కూర్చున్నట్టు పడుకోండి, మోచేయి కింద ఒక మడిచిన దుప్పటి పెట్టండి. స్లింగ్ రాత్రి కూడా ఉండాలి. దెబ్బ తగిలిన వైపు తిరగొద్దు.

స్నానం, బట్టలు, చంక శుభ్రం, ఇవన్నీ ఎలా?

స్నానానికి స్లింగ్ తీయొచ్చు, చేయి పొట్టకు ఆనించి ఉంచండి. నడుము దగ్గర కొద్దిగా ముందుకు వంగితే చేయి దానంతట అదే కిందికి వేలాడి చంక తెరుచుకుంటుంది, అప్పుడు తడిగుడ్డతో తుడిచి పొడి చేయండి. మన ఎండలకు చంకలో ఒరుసుకుపోవడం, పుండు పడడం మామూలే. ముందు గుండీలున్న వదులు చొక్కా వేసుకోండి. వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చేయి ముందు, తీసేటప్పుడు అది చివర. టీషర్ట్ తల మీంచి లాగొద్దు. జడ వేసుకోవడం, వెనక హుక్కులు పెట్టుకోవడం ఇంకెవరితోనైనా చేయించుకోండి, మొహమాటపడకండి.

కొబ్బరినూనెతో రుద్దమంటోంది మా అత్తమ్మ. వేడి కాపడం పెట్టొచ్చా?

మొదటి రెండు మూడు రోజులు వేడి వద్దు, ఐసే. గట్టిగా రుద్దడం మొదటి వారాల్లో అసలు వద్దు, లోపల చిరిగినదాన్ని రుద్ది అతికించలేం. మెడ, వీపు పట్టేసినట్టు ఉంటే అక్కడ మెల్లగా రాయించుకోండి, అత్తమ్మ ప్రేమ అక్కడ పనికొస్తుంది.

రోజూ పాయా తాగితే త్వరగా అతుక్కుంటుందా?

ఇష్టమైతే తాగండి, కానీ దానివల్ల ప్రత్యేకంగా ఏమీ జరగదు. గుడ్లు, పప్పు, పెరుగు, చికెన్, ఏదో ఒక రూపంలో ప్రొటీన్ సరిపడా తినాలి. సిగరెట్ మానేస్తే పాయా కంటే ఎక్కువ మేలు, మానడానికి లోపల గాయం ఉన్న ఈ నెలకంటే మంచి సమయం దొరకదు. షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోండి.

వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నా, లాప్‌టాప్ వాడొచ్చా?

స్లింగ్‌లోనే ఉంచి, మోచేయి ఒంటికి ఆనించి, ఒళ్లో దిండు మీద ముంజేయి పెట్టి టైప్ చేసుకోవచ్చు. మౌస్ కోసం చేయి ముందుకు చాచొద్దు, రెండో చేతికి మార్చుకోండి.

## ఫిజియో మొదలయ్యాక

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఏమేం చేయిస్తారు?

ఎక్కువమందికి నొప్పి కాస్త తగ్గగానే, డాక్టర్ సరే అన్న రోజు నుంచి. మొదట ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలా ఊపడం, చేయి కదలకుండా గోడకు నొక్కి కండరం బిగించడం. తర్వాత మంచి చేతి సాయంతో లేపడం, గోడ మీద వేళ్లతో పాకడం. ఆరు వారాల వరకు చేతిని పక్కకు ఎత్తి వెనక్కి తిప్పే కదలిక, అంటే బాల్ విసరబోయే భంగిమ, చేయించం. ఆ తర్వాత రబ్బరు బ్యాండ్‌తో బలం. చంకలో మడిచిన తువ్వాలు పెట్టి, మోచేయి ఒంటికి ఆనించి ముంజేయిని బయటికి తిప్పే వ్యాయామం చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది, కానీ బంతిని గిన్నెలో పట్టి ఉంచే కండరాలకు అదే ప్రాణం. వీపు రెక్క ఎముక చుట్టూ ఉన్న కండరాలకు కూడా అంతే పని ఉంటుంది. రోజూ ఇంట్లో పదిహేను నిమిషాలు చేసేవాళ్లే బాగుపడతారు, వారానికి ఒకసారి క్లినిక్‌లో నేను చేయించేదానితో మాత్రమే ఎవరికీ బాగవదు.

అమ్మకు 62 ఏళ్లు. మూడు వారాలైంది, చేయి పైకి లేపలేకపోతోంది. వయసు వల్లేనా?

వయసు అని వదిలేయకండి. నలభై దాటినవాళ్లలో భుజం జారినప్పుడు చేతిని లేపే కండరాలను ఎముకకు కట్టి ఉంచే పట్టీలు, రొటేటర్ కఫ్ అంటాం, తెగిపోవడం తరచుగా జరుగుతుంది. పెద్దవాళ్లకు భుజం మళ్లీ జారే భయం తక్కువ, ఈ తెగడం భయమే ఎక్కువ. మనం చేయి పట్టి లేపితే లేస్తుంది, వదిలేస్తే పడిపోతుంది అంటే వెంటనే అల్ట్రాసౌండో ఎమ్మారైనో చేయించమని అడగండి. నెలలు గడిస్తే కుట్టడం కష్టం. షుగర్ ఉంటే భుజం బిగుసుకునే ప్రమాదం కూడా ఎక్కువ.

బండి ఎప్పుడు నడపొచ్చు?

స్లింగ్‌లో ఉండగా అసలు వద్దు. టూ వీలర్‌కి చాలామందికి కనీసం ఆరు వారాలు, పైగా సడన్ బ్రేక్ వేస్తే మీ బరువంతా చేతుల మీద పడుతుంది, దాన్ని తట్టుకోగలరో లేదో ఆగి ఉన్న బండి మీద డాక్టర్ ఒప్పుకున్నాక చూసుకోండి. మెట్రో, బస్సుల్లో పై హ్యాండిల్ మంచి చేత్తోనే పట్టుకోండి. కదిలే బస్సు ఎక్కడం మాత్రం ఎన్ని నెలలైనా వద్దు.

జిమ్‌కి, క్రికెట్‌కి ఎప్పుడు?

ఆపరేషన్ లేకుండా బాగవుతున్నవాళ్లకు సాధారణంగా మూడు నాలుగు నెలలు. తేదీ కంటే ముఖ్యం ఏంటంటే రెండు చేతుల బలం దాదాపు సమానం కావాలి, అన్ని వైపులా నొప్పి లేకుండా తిరగాలి, బాల్ విసిరే భంగిమలో జారిపోతుందన్న భయం రాకూడదు. జిమ్‌లో మెడ వెనక్కి లాగే పుల్‌డౌన్, డిప్స్, వెడల్పు పట్టుతో బెంచ్ ప్రెస్ అన్నిటికంటే చివర్లో మొదలుపెట్టండి. కాళ్ల వర్కవుట్, సైకిల్ ముందే మొదలుపెట్టుకోవచ్చు.

సూర్యనమస్కారాలు చేయొచ్చా? నమాజులో సజ్దా?

చేతుల మీద బరువు వేసేవి బలం వచ్చేదాకా ఆపండి. అప్పటిదాకా చాలామంది కుర్చీలో కూర్చుని నమాజు చేసుకుంటున్నారు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ముందు గోడ మీద, తర్వాత టేబుల్ మీద, ఆఖరికి నేల మీద.

చేయి తిప్పితే టక్ టక్ మంటోంది.

నొప్పి లేకపోతే పట్టించుకోవద్దు. శబ్దంతో పాటు ‘జారిపోతోంది’ అనిపించినా, చేయి మధ్యలో ఇరుక్కున్నా చూపించండి.

## మళ్లీ జారితే

ఒకసారి జారితే జీవితాంతం జారుతూనే ఉంటుందా?

వయసు మీద ఆధారపడుతుంది. ఇరవై లోపు కుర్రాళ్లలో, ముఖ్యంగా కబడ్డీ, క్రికెట్ ఆడేవాళ్లలో, సగానికి పైగా మళ్లీ జారుతుంది. నలభై దాటితే చాలా తక్కువ. మళ్లీ జారేవి ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే జారుతాయి, కాబట్టి వ్యాయామాలు ఆ రెండేళ్లూ వదలొద్దు.

ఇప్పుడు నాకు నేనే ఎక్కించుకుంటున్నా, ఇంక డాక్టర్ ఎందుకు?

తేలిగ్గా ఎక్కుతోందంటే తేలిగ్గా జారుతోందన్నమాట. జారిన ప్రతిసారీ గిన్నె అంచు కొంచెం అరుగుతుంది, బంతి సొట్ట లోతవుతుంది. ఈరోజు చిన్న రంధ్రాలతో అయిపోయే ఆపరేషన్ రెండేళ్లకు ఎముక అతికించే ఆపరేషన్ కావచ్చు. ఈత కొడుతుండగానో బండి మీదో జారితే ఎక్కించుకునే టైమ్ ఉండదు. రెండోసారి జారినప్పుడే వెళ్లి చూపించుకోండి.

ఆపరేషన్ తప్పదా? ఏ ఆపరేషన్?

మొదటిసారి జారిన చాలామందికి అవసరం పడదు. పదే పదే జారేవాళ్లకు, చిన్న వయసులో ఆటలు ఆడేవాళ్లకు, ఎముక పోయినవాళ్లకు చెబుతారు. ఎముక బాగానే ఉంటే కీహోల్ పద్ధతిలో ఊడిన పట్టీని చిన్న యాంకర్లతో గిన్నె అంచుకు కుడతారు, అదే బ్యాంకార్ట్ రిపేర్. గిన్నె ఐదో వంతు, అంతకంటే ఎక్కువ అరిగిపోతే పక్కనున్న చిన్న ఎముక ముక్కను కండరంతో సహా తెచ్చి స్క్రూలతో బిగిస్తారు, దాన్ని లాటర్జే అంటారు. ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు, నిర్భయంగా తీసుకోండి.

ఆపరేషన్ అయ్యాక ఎన్నాళ్లు?

బ్యాంకార్ట్ రిపేర్‌కి స్లింగ్ నాలుగు నుంచి ఆరు వారాలు, టేబుల్ మీద పని ఈలోపే మొదలుపెట్టొచ్చు, ఆటలు ఐదారు నెలలకు. పెళ్లిళ్లు, పరీక్షలు, ఆఫీసు డెడ్‌లైన్లు చూసుకుని తేదీ పెట్టించుకోండి, తొందరేమీ లేదు.

అన్నీ బాగానే ఉన్నాయి, కానీ చేయి ఎత్తాలంటేనే భయం. పిచ్చి పట్టిందా?

లేదు. ఒకసారి జారిన ఒళ్లు ఆ క్షణాన్ని మర్చిపోదు. మా దగ్గరికి వచ్చే ఒక కాలేజీ కుర్రాడు బలం పరీక్షలన్నీ పాసై కూడా నెలన్నర పాటు బాల్ పట్టుకోలేదు. మొదట పడుకుని స్పాంజ్ బాల్ పైకి వేయించాం, తర్వాత మోకాళ్ల మీద కూర్చుని గోడకు, తర్వాత నిలబడి రెండు గజాల దూరం, వారానికి కొంచెం చొప్పున పెంచాం. భయం ఉందని మీ ఫిజియోకి నోరు విప్పి చెప్పండి, దానికి కూడా వ్యాయామం ఉంది. పోయిన నెల ఆ కుర్రాడు బౌండరీ నుంచి త్రో వేసిన వీడియో పంపించాడు.